ఓదెలన్న ఆఫ్‌సెట్ నేర్చుకున్న తీరు

అచ్చుపనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను కలిస్తే ముందుగా అడిగేది ఒకటే. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే నాలుగు కాలాలపాటు నిలబడతాం అని. నాకు తెలియదు. నేను నేర్చుకున్న పనుల్లో సగం ఇప్పుడు పాత ఇనుప సామాన్ల వాడికి ఇచ్చినా తీసుకోడు. మీరు నేర్చుకునేవాటి గతి కూడా రేపు అంతే కావచ్చు. అందుకని సాఫ్ట్‌వేర్ సంగతి మీ మాస్టర్లనే అడగండి.

కొత్త మిషన్ ముందు నిలబడితే కాళ్లు ఎందుకు వణుకుతాయని అడిగితే మాత్రం నా దగ్గర జవాబుంది. వరంగల్‌లో ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. కంపోజిటరుగా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయాను. ఆ మధ్యలో వచ్చిన జీతాల పెంపులు, సన్మానాలు, శాలువాల గురించి రాయను. వాటి వల్ల చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. ఓదెలన్న గురించి రాస్తాను. నాకు పని నేర్పినవాడు ఆయన. నేర్పడం కన్నా నేర్చుకోవడంలో ఆయన ఇంకా గొప్పవాడని నాకు పదేళ్ల తర్వాత గానీ తెలియలేదు.

సీసం గళ్లు

డెబ్బైల మధ్యలో నేను ప్రెస్సులో చేరాను. మాది హసన్‌పర్తి. పదో తరగతి పాసై, పొలం పని చేతకాక, ఎవరో చెబితే వచ్చాను. అప్పట్లో అచ్చు అంటే సీసం అక్షరాలు. గోడకు వాల్చిన చెక్క కేసుల్లో వందల గళ్లు ఉండేవి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, ఒక్కో ఒత్తు, ఒక్కో గుణింతం. ఇంగ్లీషు వాళ్లకు రెండు కేసులు చాలు. మన తెలుగుకు నిలబడి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేస్తే గానీ ఒక వాక్యం పూర్తికాదు. ఆ అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. అట్లా ఉంటేనే కాగితం మీద సరిగా పడతాయి.

ఓదెలన్నకు అప్పటికి నలభై దాటాయి. కాశిబుగ్గలో నేతపని చేసే ఇల్లు వాళ్లది. నాలుగో తరగతితో బడి మానేసి, కొన్నేళ్లు మగ్గం నేసి, ఇరవయ్యో ఏట ప్రెస్సులో చేరాడట. ఆయన చెయ్యి కేసు మీద తిరుగుతుంటే చూడటానికి పక్క ప్రెస్సుల వాళ్లు ఏదో ఒక సాకు పెట్టుకుని వచ్చేవాళ్లు. గడి వైపు చూసేవాడు కాదు. మాట్లాడుతూనే ఉండేవాడు, చెయ్యి తన పని తాను చేసుకుపోయేది.

నేను చేరిన రెండో నెలలో ఒక పెళ్లి శుభలేఖ కంపోజ్ చేసి, పళ్లెంలో పెట్టుకుని తీసుకెళ్తూ గడప తట్టుకుని పడ్డాను. అక్షరాలన్నీ నేలమీద పరుచుకున్నాయి. వధువు పేరు బల్ల కిందికి పోయింది. ఇక రేపటినుంచి రావద్దంటారని అనుకున్నాను. ఓదెలన్న వచ్చి చూసి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఏరుకో తమ్మి. ఏరినంక ఏ గడిది ఆ గడిల ఎయ్యి. పని గట్లనే అస్తది."

రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల తర్వాత నా చేతికి గళ్లు తెలిశాయి. అంతకుముందు రెండు నెలల్లో తెలియలేదు. ఆయన ఎవరినీ "ఇది గూడ తెల్వదా" అని అడగగా నేను వినలేదు. ఆ ఒక్క మాట నోటితో అనకుండా పని నేర్పే వాళ్లు లోకంలో ఎంత తక్కువో తర్వాత తర్వాత అర్థమైంది.

ఆయనలో ఒక లోపం కూడా ఉంది, అదీ చెప్పాలి. ఆయన కాగితం మీద చూసుకునేవాడు కాదు. వేరే ప్రెస్సుల్లో అందరూ ఒక ప్రూఫు తీసి చదువుకుని తప్పులు దిద్దుకుంటే, ఆయన సీసం మీదనే తారుమారుగా, కుడినుంచి ఎడమకు గబగబా చదివేసి సరే అనేవాడు. "పేపరు మీద సదివేటోడు గిరాకి. అచ్చు మీద సదివేటోడు పనోడు" అని ఆయన మాట. గిరాకి అంటే అచ్చు వేయించుకోను వచ్చినవాడు. మేమంతా ఆ మాటను మురిసిపోతూ చెప్పుకునేవాళ్లం. మా ప్రెస్సులో అదొక ఆనవాయితీ అయిపోయింది. నేనూ నేర్చుకున్నాను, కాలరెగరేసుకున్నాను.

సారు తెచ్చిన మిషన్

మా ప్రెస్సు ఓనరును సారు అనే పిలిచేవాళ్లం. మంచివాడే, కానీ ముందు కొని తర్వాత ఆలోచించే మనిషి. కోపం ముక్కు మీద ఉండేది. ఎనభైల మధ్యలో ఒకరోజు లారీలో ఒక మిషన్ దిగింది. ఎక్కడో వాడేసిన ఆఫ్‌సెట్ మిషన్. ఎవరికీ ముందు చెప్పలేదు. దానితోపాటు శివకాశి నుంచి పాండి అని ఒక ఆపరేటరు కూడా దిగాడు. పాతికేళ్లుంటాయి. అరవం తప్ప వేరే భాష రాదు.

సారు మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పాడు.

"ఆర్నెల్లల్ల సీసం బందు. గీ మిషన్ నేర్సుకున్నోడు ఉంటడు. నేర్సుకోనోనికి నేను జవాబు చెప్ప."

అప్పటికి ఓదెలన్నకు యాభై దాటాయి. ఇంకో ప్రెస్సుకు పోదామన్నా, ఇవాళ కాకపోతే రేపు అక్కడికీ ఇదే మిషన్ వస్తుంది. ప్రెస్సు తప్ప ఆయనకు వేరే పని తెలియదు. మగ్గం మీద కూర్చుని ముప్పై ఏళ్లయింది. ఆ విషయం ఆయన అనలేదు, మేమూ అనలేదు. అందరికీ తెలుసు.

ఈ మిషన్ తీరే వేరు. అక్షరాలను హైదరాబాద్‌లో ఫిల్ము మీదికి ఎక్కించి పంపుతారు. ఆ ఫిల్మును ఒక పలుచని లోహపు ప్లేటు మీద పరిచి, పైనుంచి గట్టి లైటు వేస్తే అక్షరాలు ప్లేటు మీదికి దిగుతాయి. ఆ ప్లేటును మిషన్‌కు చుడతారు. ప్లేటు మీది ఇంకు ముందు ఒక రబ్బరు షీటు మీద పడుతుంది, ఆ రబ్బరు నుంచి కాగితం మీద పడుతుంది. అంటే అక్షరం రెండుసార్లు తిరుగుతుంది. కాబట్టి ప్లేటు మీద అక్షరం మామూలుగా మనం చదువుకునేట్టే ఉండాలి. సీసంలో ఏది తప్పో అది ఇక్కడ ఒప్పు.

పాండి ఇదంతా మొదటిరోజే చెప్పాడు. ఫిల్ముకు ఒకవైపు మెరుపు, ఒకవైపు మసకగా ఉంటుందనీ, మసకగా ఉన్న వైపే ప్లేటుకు ఆనాలనీ చేతులు తిప్పి తిప్పి చూపించాడు. మేం గంగిరెద్దుల్లా తలలూపాం. అర్థం కాలేదని ఒక్కడూ అనలేదు.

భయాన్ని ఎవరికి వారు దాచుకున్నాం. నేను ఎన్నడూ లేనిది సీసం అచ్చు వేసే పాత ట్రెడిల్ మిషన్‌ను రోజూ తుడిచి నూనె పోయడం మొదలుపెట్టాను, కొత్తదాని దగ్గరకు పోయే తీరిక లేదన్నట్టు. ఓదెలన్న మాత్రం పాండి వెనకాలే చేతులు కట్టుకుని నిలబడేవాడు. ప్రశ్న అడిగేవాడు కాదు. ఏళ్లతరబడి పెద్దమేస్త్రి అనిపించుకున్న మనిషి, ఆ పాతికేళ్ల మనిషిని ఏమని అడుగుతాడు అనుకున్నాను.

తొండం తిరిగిన వినాయకుడు

కొత్త మిషన్ మీద మొదటి బయటి పని నర్సంపేట దిక్కు ఒక భజన మండలి వాళ్ల పాటల పుస్తకం. ముందుగా అట్ట వేయాలి. పైన వినాయకుడు, కింద పెద్ద అక్షరాల్లో పుస్తకం పేరు, మండలి పేరు. అట్ట మీద ఒక్క అంకె కూడా లేదు. ఉంటే తెలుగు రాని పాండి కూడా తేడా పట్టుకునేవాడే.

ఆ పొద్దున పాండి మిషన్ దగ్గర ఇంకు సర్దుకుంటున్నాడు. ఫిల్ము ప్లేటు మీద పరిచి లైటు వేయమని సారు ఓదెలన్నకు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఓదెలన్న ఫిల్మును ప్లేటు మీద పరిచాడు. పేరు చక్కగా, మామూలుగా చదువుకునేట్టు కనబడింది. ఆయన మొహం చిట్లించాడు.

"సక్కగ కనబడ్తాంది. గిట్లేస్తే పేపరు మీద ఉల్టా పడ్తది" అని తనలో తాను అనుకుని, ఫిల్మును తిప్పి పరిచాడు. ఇప్పుడు అక్షరాలు సీసంలో ఉన్నట్టు తారుమారయ్యాయి. ఆయన మొహం తేటపడింది.

నాకు లోపల ఏదో తట్టింది. అంతకుముందు పాండి రెండు మూడు ప్లేట్లు వేస్తుంటే ఓరకంట చూశాను. అతను ఇట్లా పరచలేదు. మసకగా ఉన్న వైపు ఇప్పుడు పైకి ఉంది. నోటిదాకా వచ్చింది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది, ఓదెలన్నకు తెలియనిది నాకు తెలుసా అని. నేనే ఏదో తప్పు చూసి ఉంటాను. అడిగితే నవ్వుతాడు. ఊరుకున్నాను. ఆయన లైటు వేశాడు.

ప్లేటును మిషన్‌కు చుట్టారు. పాండి తెలుగు చదవలేడు. ఓదెలన్న వైపు చూసి "కరెక్టా సార్" అన్నాడు. ఓదెలన్న అలవాటు ప్రకారం వంగి, ప్లేటు మీదనే కుడినుంచి ఎడమకు గడగడా చదివాడు. ఒక్క ఒత్తు పోలేదు, ఒక్క సున్నా పోలేదు. "నడుపు" అన్నాడు. కాగితం మీద చూసేది గిరాకి కదా.

మిషన్ నడిచింది. పాండి చూపంతా ఇంకు మీద, నీళ్ల మీద ఉంది. బైండింగులో రాజక్క పనిచేసేది. ఆరబెట్టడానికి అట్టల మోపు తీసుకుపోదామని వచ్చింది. చదువు అంతంత మాత్రం. ఒక అట్ట చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"అన్నా, ఒక మాట అడుగుత, తిట్టద్దు. గీ గణపతి తొండం కుడిదిక్కు తిరిగిందేంది? మా ఇంట్ల పటంల ఎడమదిక్కు ఉంటది. కుడిదిక్కు తొండముంటె మస్తు నిష్ఠ జేయాలంటరు గద."

ఓదెలన్న ఆమె చేతిలోంచి అట్ట తీసుకున్నాడు. ఆ పొద్దున ఆయన కాగితాన్ని చూడటం అదే మొదలు. చదివాడు. మళ్లీ చదివాడు. అప్పటికి రెండు రీముల అట్టకాగితం అయిపోయింది. పాండికి బొమ్మలో తేడా తెలియలేదు. వాళ్ల దిక్కు కుడివైపు తొండమే విశేషమట. సంగతి అర్థమయ్యాక అతను మిషన్ ఆపి, తప్పు తనదన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు.

సారు ముందుగదిలోంచి వచ్చాడు. అట్టను చూశాడు. అందరి ముందే అన్నాడు.

"నీతోని కాదిగ ఓదెలు. రేపటిసంది బైండింగ్ బల్ల కాడ కూసో."

మా పని తెలియనివాళ్లకు చెబుతున్నాను. బైండింగు చిన్నపని కాదు. కానీ ఊరంతా పెద్దమేస్త్రి అని పిలిచే మనిషిని లేపి కాగితాలు మడతపెట్టమనడం చెంప మీద కొట్టడమే. ఓదెలన్న అట్టను బల్ల మీద పెట్టాడు. చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నేను చేతిలోని అక్షరాలు పేర్చే స్టిక్కు వైపు చూస్తూ నిలబడ్డాను. నిజం రాస్తానని మొదలుపెట్టాను కాబట్టి ఇదీ రాస్తాను: నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆయనకే రానిది నాకు రాకపోతే ఎవరూ అడగరులే అని. ఇన్నేళ్లయినా ఆ హాయి గుర్తొస్తే సిగ్గేస్తుంది.

కాశిబుగ్గలో

నాలుగు రోజులు ఓదెలన్న రాలేదు. ఆదివారం సైకిల్ వేసుకుని కాశిబుగ్గకు పోయాను. ఇంట్లో ఆయన తమ్ముడు మగ్గం నేస్తున్నాడు. ఓదెలన్న వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాడు. వదిన నాకు మంచినీళ్లిచ్చి, ఆయనకు వినబడేట్టే చెప్పింది.

"నాలుగొద్దులాయె, అన్నం సక్కగ తింటలేడు. నువ్వన్న చెప్పు తమ్మి."

నేను చెప్పడానికి వచ్చింది వేరే. ఆమె లోపలికి పోయేదాకా ఆగి అన్నాను.

"అన్నా, నువ్వు ఫిల్ము తిప్పినప్పుడు నేను చూసిన."

"ఏం చూసినవ్?"

"తప్పు తిప్పుతానవనిపించింది. పాండి గట్ల పెట్టంగ నేను చూళ్లే."

రాట్నం ఆగింది.

"మరి నోట్ల ఏం పెట్టుకున్నవ్ రా?"

"నాకే తెల్వదనుకున్న. నీకన్న నాకెక్కువ తెలుసా అనుకున్న. భయమైందన్నా."

తిడతాడని తల వంచుకున్నాను. ఆయన దారం కొస వేలికి చుట్టుకున్నాడు.

"నాకు గూడ భయమే రా. ఆ మిషన్ దిగినకాడినుంచి గదే ఆలోచన. నాలుగో తరగతోన్ని, గీ వయసుల నాకేమస్తది అని. ఆ పాండిని అడుగుదామంటే మీరందరు చూస్తాంటిరి. మీ ముంగట ఇజ్జత్ పోతదని అడగలే. అడగక ఇంత పాడు చేసిన."

తర్వాత ఆయనకు నవ్వొచ్చింది.

"ఇద్దరం ఒక్క కప్పు కింద ఉండి, ఎవని భయం వాడు జేబుల పెట్టుకుని తిరిగినం."

"రేపు సారుకు చెప్తనన్నా, నేను గూడ చూసిన్నని."

"చెప్పకు. నిన్ను గూడ బల్ల కాడ కూసోవెడ్తడు. ఇద్దరం గాడ కూసుంటే మిషన్ ఎవలు నేర్సుకుంటరు?"

నేను వెళ్తుంటే గడప దాకా వచ్చాడు.

"రేపు అస్త" అన్నాడు.

"బైండింగ్‌లకా?"

"కాకపోతే? బల్ల కాడికెల్లి మిషన్ మంచిగ కనబడ్తది."

బల్ల దగ్గర మూడు నెలలు

సోమవారం పొద్దున ఆయన వచ్చి తిన్నగా రాజక్క పక్కన కూర్చున్నాడు. కాగితం ఎట్లా మడవాలో ఆమెను అడిగాడు. ఆమె సిగ్గుపడుతూ నేర్పింది. వెదురుబద్దతో మడత గీయడం ఆయనకు మొదటిరోజు సరిగా రాలేదు. "ఇంకోపాలి చూపియ్యి చెల్లె" అని మూడుసార్లు అడిగాడు. నేను ఎరిగిన ఓదెలన్న నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి ముందు నాకు మొహమాటంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది. రోజూ మధ్యాహ్నం తన డబ్బాలోని జొన్నరొట్టె, పచ్చిపులుసు తీసుకుని పాండి దగ్గరకు పోయేవాడు. పాండికి హోటల్ తిండి తిని తిని విసుగొచ్చింది. పంచుకుని తినేవాళ్లు. తిన్నాక ఓదెలన్న అడిగేవాడు. వాళ్లిద్దరికీ ఉమ్మడిగా ఉన్న మాటలు పది కూడా ఉండవు. ఉల్టా, సీదా, పైన, కింద, ఠీక్. వాటితోనే నడిచేది. నిన్న అడిగిందే మళ్లీ ఇవాళ అడిగేవాడు. అర్థమయ్యేదాకా తల ఊపేవాడు కాదు. పాండి చెప్పింది ఆపించి, "నాకు తెల్వలే. మళ్ల చెప్పు" అనేవాడు, గట్టిగా, అందరికీ వినబడేట్టు.

ట్రెడిల్ దగ్గరి వాళ్లు ఎగతాళి చేశారు.

"ఓదెలన్న అఆఇఈ మళ్ల మొదలువెట్టిండు" అన్నాడొకడు.

"మొదలువెట్టిన. నువ్వెప్పుడు మొదలువెడ్తవ్?" అన్నాడాయన. మళ్లీ ఎవరూ అనలేదు.

ఆయనకు చిక్కంతా కంటితోనే. ప్లేటు మీద తిన్నగా ఉన్న అక్షరం చూస్తే ఆయన కన్ను తప్పంటుంది. తారుమారుగా ఉంటే ఒప్పంటుంది. ఎన్నిసార్లు వివరించినా అంతే. పాండి ఒకరోజు విసిగి, ఫిల్ము ముక్క తీసుకుని, పెదవి నాలుకతో తడుపుకుని, ఫిల్ము అంచును ఆనించి చూపించాడు. మసకగా ఉన్న వైపు పెదవికి కొంచెం అంటుకుంటుంది. మెరుపు వైపు అంటుకోదు. అంటుకునే వైపు ప్లేటుకు. చదవనక్కర్లేదు, అక్షరాలతో పని లేదు.

ఓదెలన్నకు అది దొరకడంతో ప్రాణం లేచొచ్చింది. పాడైన ఫిల్ము ముక్కలు చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. చాయ్ తాగుతూ ఒక ముక్క తీసి, కళ్లు మూసుకుని, పెదవికి ఆనించి ఏ వైపో చెప్పేవాడు. కళ్లు తెరిచి చూసుకునేవాడు. "బీడీ మానేసి ఫిల్ము పట్టిండు మా అన్న" అని రాజక్క నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

"కన్ను ముప్పై ఏండ్లు ఒక్కతీర్గ నేర్సింది చెల్లె. దాన్ని తిట్టి లాభం లేదు" అన్నాడొకసారి.

నేను ఆ మూడు నెలలు పాండి పక్కనే నిలబడ్డాను. సారు నన్ను అక్కడ పెట్టాడు. ఇంకు కలపడం, నీళ్లు సరిచూడటం నేర్చుకున్నాను. ప్లేటు వేసేటప్పుడు మాత్రం ఏదో ఒక పని కల్పించుకుని తప్పుకునేవాడిని. నిలబడటాన్నే నేర్చుకోవడం అనుకున్నాను. అదే అప్పట్లో నేను చేసిన పెద్ద తప్పు.

పాండి లేని రోజు

ఒకరోజు పాండికి టెలిగ్రాం వచ్చింది, తండ్రికి బాగాలేదని. సాయంత్రం మద్రాసు వైపు పోయే బండి ఎక్కి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున కాశిబుగ్గ నేతపనివాళ్ల సంఘం కరపత్రం వేయాల్సి ఉంది. వాళ్ల సభ ఆ మర్నాడే. ఫిల్ము వచ్చి బల్ల మీద ఉంది. సంఘం మనిషి బయట బెంచీ మీద కూర్చున్నాడు. సారు నా వైపు చూశాడు.

"ఎయ్యి మల్ల."

"సార్, పాండి అచ్చినంక వేస్తే..."

"సభ అయినంక అస్తడు పాండి. మూణ్నెల్లు ఏం చూసినవయ్యా?"

నేను ఇంకు డబ్బా సర్దడం మొదలుపెట్టాను. అప్పుడు బైండింగు బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. ఓదెలన్న చేతికంటిన మైదాపిండి గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, నాకు భయమైతాంది. అయినా నేనేస్త."

సారు ఆయన్ను పైకీ కిందికీ చూశాడు.

"మళ్ల ఉల్టా పడితే?"

"పడితే బల్ల కాడనే కూసుంట. గిప్పుడు ఉన్నది గాడనే గద."

సారు పక్కకు జరిగాడు. ఓదెలన్న ఫిల్ము తీసుకుని, పెదవి తడుపుకుని, అంచు ఆనించి చూసుకుని ప్లేటు మీద పరిచాడు. చేతులు వణకడం అందరికీ కనబడుతూనే ఉంది. నన్ను పిలిచాడు.

"తమ్మి, నువ్వు గూడ చూడు. ఏమనిపిస్తే అది చెప్పు. పోయినసారి లెక్క నోరు మూసుకోకు."

వంగి చూశాను. సంఘం పేరు తిన్నగా, మామూలుగా కనబడుతోంది. నా కళ్లు కూడా పదేళ్లు సీసం మీద పెరిగినవే. ఈసారి చెప్పాలి అనుకుని చెప్పేశాను.

"ఉల్టా పెట్టినవన్నా. తిప్పాలె."

సారు ఒక అడుగు ముందుకేశాడు. ఓదెలన్న మళ్లీ ఫిల్ము తీశాడు. మళ్లీ పెదవికి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత అదే వైపు, అట్లాగే మళ్లీ పరిచాడు.

"చెప్పినవ్, మంచిపని చేసినవ్. నాకు గూడ ఉల్టానే కనబడ్తాంది తమ్మి. మనిద్దరి కండ్లకు ఉల్టా కనబడ్తాందంటే సక్కగున్నట్టే. ఎయ్ లైటు."

వేశాను. కడిగాం, చుట్టాం. ఇంకు, నీళ్లు నేను చూసుకున్నాను. మొదటి కాగితం బయటికి రాగానే ఆయన మిషన్ ఆపించాడు. ప్లేటు వైపు చూడలేదు. కాగితాన్ని వెలుతురుకు తీసుకుపోయి, ఎడమనుంచి కుడికి, అక్షరం కింద వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. పేరు, ఊరు, సభ జరిగే చోటు. సీసం మీద గడగడా చదివే మనిషి, రెండో తరగతి పిల్లాడిలా కూడబలుక్కుంటూ ఒక్క మాట కూడా వదలకుండా కిందిదాకా చదివాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత పెద్ద పనివాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

"నడుపు" అన్నాడు.

అన్నీ సరిగా పడ్డాయి. సంఘం మనిషి కట్టలు కట్టించుకుని పోయాడు. సారు ఓదెలన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇగ మిషన్ నువ్వే చూసుకో ఓదెలు. ఆనాడు గంత తప్పు చేసినోడివి నువ్వేనా?"

ఆ మాటకు ఓదెలన్న తల వంచుకున్నాడు. ఆయన చెప్పవద్దన్నాడు. అయినా ఇక ఉండబట్టలేదు.

"సార్, ఆనాటి తప్పు అన్న ఒక్కనిది గాదు. ఫిల్ము తిప్పినప్పుడు నేను చూసిన. తప్పని తెలిసింది. చెప్పలే."

మిషన్ గదిలో అందరూ నా వైపు తిరిగారు. రాజక్క చేతిలోని మడత ఆగిపోయింది.

"ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు సారు.

"భయమైంది సార్. నాకేం తెలుసులే అనుకున్న."

పదేళ్లలో ఆ ప్రెస్సులో నేను పైకి భయం అన్న మాట అనడం అదే మొదటిసారి. సారు ఏమంటాడో అని చూస్తున్నాను. ఆయన నోరు తెరిచేలోపు ఓదెలన్న మిషన్ తుడుస్తూ, తల తిప్పకుండానే అన్నాడు.

"ఇయ్యాల చెప్పిండు గద సార్, పోనియ్యి. తమ్మీ, భజనపాటల లోపలి పేజీలది ఫిల్ము మూణ్నెల్లకు నిన్న అచ్చింది, గాడ ఉన్నది. ఆ ప్లేటు నువ్వెయ్యి."

"అన్నా, నా చేతులు వణుకుతానయ్."

"వణకనియ్యి. నావి గూడ వణికినయ్. ప్లేటు పడ్డది గద."

వేశాను.